తోడుకోని గిన్నె

మా ఆయన పేరు భీమేశ్వరరావు. కాకినాడ పోర్టులో పనిచేసినన్నాళ్ళూ అందరూ ఆయన్ని 'చూద్దాం రావుగారు' అనేవారు. వాళ్ళు ఆలస్యంగా కనిపెట్టారు గానీ, నేను పెళ్ళైన నెలకే కనిపెట్టాను. ఇంటికి రంగులు వేయిద్దామండీ అంటే చూద్దాం. కాశీ వెళ్దామండీ అంటే చూద్దాం. మేడ మీద ఒక గది వేసుకుంటే సముద్రపు గాలి తగులుతుందండీ అంటే, అక్కడికేదో ఆకాశాన్ని అనుమతి అడుగుతున్నట్టు పైకి ఓసారి చూసి, "చూద్దాం ఝాన్సీ" అనేవారు. మాకు పిల్లలు కలగలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం చూద్దాం అన్నది దేవుడు.

అంచేత డాక్టర్ ఖాదర్ గారి నోట కూడా అదే మాట వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

జరిగిందేమిటంటే, మా పెద్దాడపడుచు మనవరాలి పెళ్ళిలో మా ఆయన పనసపొట్టు కూర అడిగి అడిగి వడ్డించుకున్నారు. మర్నాటికి కడుపునొప్పి. రాళ్ళేమోనని స్కానింగ్ తీశారు. రాళ్ళూ లేవు, రప్పలూ లేవు, వట్టి గ్యాసు. కానీ ఎడమ మూత్రపిండం నడిమధ్యన ఉసిరికాయంత గడ్డ ఒకటి కనిపించింది. కుడి మూత్రపిండం పుట్టుకతోనే ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోయి ఉందనీ, ఇన్నేళ్ళూ ఎడమదొక్కటే రెండిటి పనీ చేస్తోందనీ కూడా అప్పుడే తెలిసింది. ఆ స్కానింగ్ తీయకపోతే రెండూ తెలిసేవి కావు. పనసపొట్టు మీద నాకు ఇప్పటికీ కోపమే.

"కడుపునొప్పి దీనివల్ల కాదమ్మా," అన్నారు ఖాదర్ గారు. "వెతక్కుండా దొరికింది. స్కానింగులు ఎక్కువయ్యాక ఇలాంటివి బోలెడు దొరుకుతున్నాయి. సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాను. చెడ్డ జాతే. కానీ చెడ్డ జాతిలోనూ బద్ధకస్తులుంటారు. కొన్ని ఏళ్ళ తరబడి కదలవు, కొన్ని కదుల్తాయి. ఇది ఏ రకమో ఇవాళే చెప్పడం నావల్ల కాదు."

"అయితే తీసిపారేయండి."

"అది కూర్చున్న చోటు మంచిది కాదమ్మా. రక్తనాళాల మధ్యన ఉంది. దాన్నొక్కదాన్నే తీయలేం, కాల్చనూ లేం. కిడ్నీ మొత్తం తీయాలి. తీస్తే ఇక జీవితాంతం డయాలసిస్ మీదే ఉండాలి."

"తీయకపోతేనో?"

"అది పాకితే ప్రాణానికే ముప్పు. పాకకపోతే ఏమీ లేదు. ఆర్నెల్లకోసారి స్కానింగ్ తీసి, చూద్దాం."

అప్పుడు మా ఆయన ముఖం చూడాలి మీరు. జన్మలో మొదటిసారి తన భాష మాట్లాడే మనిషి దొరికాడాయనకి. నాకు మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి కనిపించాయి. మా ఇంట్లో చూద్దాం అంటే చెయ్యం అని అర్థం. పెద్దవాళ్ళు సంబంధం ఇష్టం లేకపోతే చూద్దాం అంటారు, అప్పివ్వడం ఇష్టం లేకపోతే చూద్దాం అంటారు. ఈయన కూడా చేతులెత్తేసి, ఆ మాట మొహం మీద చెప్పలేక చూద్దాం అంటున్నారనుకున్నాను.

"మీరు చూస్తూ ఉండండి డాక్టరుగారూ, నేను తోడు పరీక్ష చేయిస్తాను," అని లేచాను.

ఆ పరీక్ష అప్పటికి కొత్త. మన ఊళ్ళోనే, బీచి రోడ్డులో ఒక పరిశోధనశాలలో డాక్టర్ నిరుపమ అనే అమ్మాయి కనిపెట్టింది. దాని అసలు పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంటుంది. అక్కడి పనివాళ్ళు దాన్ని తోడు అంటే ఊరంతా తోడు అంది.

నిరుపమకి ముప్పై అయిదేళ్ళుంటాయేమో. జుట్టు ముడివేసి అందులో పెన్ను గుచ్చుకుని, ఆ పెన్ను కోసమే బల్లంతా వెతుకుతూ కనిపించింది. నేను తీసిస్తే నవ్వేసింది. అందుకే మొదటిరోజే నాకు నచ్చింది.

"మీరు పాలు తోడుపెడతారు కదాంటీ, ఇదీ అంతే," అంటూ మూతగల గాజు గిన్నెలు రెండు ముందు పెట్టింది. ఖాదర్ గారు పరీక్షకి తీసిన ముక్కలోంచి సూది మొనతో ఆవగింజలో సగం ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో విదిల్చి, మిగతాది మంచులో దాచింది. మా ఆయన చేతినుంచి అప్పుడే తీసిన రక్తాన్ని తేర్చి, ఆ పైతేటని వాటి మీద పోసింది. "వారం వారం అంకుల్ రక్తంలోంచి ఇలా తీసి పోస్తాం. అప్పుడు ఈ ముక్క తను ఇంకా అంకుల్ ఒంట్లోనే ఉన్నాననుకుంటుంది. ఇదిగో, ఈ మందు చుక్క దాన్ని పరుగెత్తిస్తుంది. ఒంట్లో ఏడాది పట్టేది గిన్నెలో వారంలో అయిపోతుంది."

"అంటే పది వారాలు ఆగితే..."

"పదేళ్ళ తరవాత ఆ గడ్డ ఏంచేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది."

"విన్నారా?" అన్నాను మా ఆయన వంక తిరిగి. "ఊరికే చూస్తూ కూర్చోనక్కర్లేదట."

ఆయన గిన్నెలోకి వంగి చూసి, "పెరుగైతే పొద్దున్నకల్లా తెలిసిపోయేది," అన్నారు.

"మరి రెండు గిన్నెలెందుకమ్మా?"

"ఒక్కోసారి ఒకటి తోడుకోదాంటీ. అప్పుడు రెండోది ఉంటుందని."

ఆ తరవాత ప్రతి సోమవారం వెళ్ళేవాళ్ళం. ఆయన రక్తం ఇచ్చి బయట బల్ల మీద కూర్చునేవారు. నేను లోపలికి వెళ్ళి గిన్నెలు చూసేదాన్ని. తెర మీద ఎన్నో రెట్లు పెద్దది చేసి చూపించేది నిరుపమ. మొదటి గిన్నెలో ముక్క పెట్టినది పెట్టినట్టే ఉంది. రెండో గిన్నెలోది మూడోవారం వచ్చేసరికి ఒళ్ళు విరుచుకుంది. అంచులు చీలి, సన్నటి పోగులు నలువైపులా పాకాయి.

"మూడో ఏడాంటీ," అంది నిరుపమ మెల్లగా. "ఇలాగే పోతే అయిదో ఏటికల్లా రక్తనాళంలోకి దిగుతుంది."

"మరి ఆ మొదటి గిన్నె?"

"అది తోడుకోలేదు. దాని సంగతి వదిలేయండి."

ఖాదర్ గారు ఆ బొమ్మలు చూసి గడ్డం నిమురుకున్నారు. "నేను ఇప్పటికీ చూద్దామనే అంటాను. కానీ ఇది చూశాక కూడా కత్తి పట్టనని భీష్మించే ధైర్యం నాకు లేదమ్మా," అని ఆపరేషన్ కి రోజు పెట్టారు. నేనే గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను. ఏం గెలిచానో మాత్రం తెలియలేదు.

ఆ వారంలోనే మా ఇంట్లో వింత మొదలైంది. హాలు గోడలు పెచ్చులూడుతున్నాయండీ అని అలవాటుగా సణిగాను. "సరే," అన్నారు. మర్నాడు పొద్దున్నే రంగులవాళ్ళు నిచ్చెనలతో దిగారు. నా చేతి గాజులు అరిగిపోయాయని పక్కింటావిడతో అంటుంటే విని, సాయంత్రానికి కొత్తవి తెచ్చి చేతికి తొడిగారు. ఆ తరవాత కాశీకి రైలు టిక్కెట్లు. "ఆపరేషన్ లోపే వెళ్ళొచ్చేద్దాం. నువ్వు ఎప్పట్నుంచో అడుగుతున్నావు కదా," అన్నారు.

మొదట సంబరపడ్డాను, అబద్ధం ఎందుకు. ఎన్నేళ్ళ మొక్కో తీరినట్టనిపించింది. ఆ రంగుల వాసన మధ్య కూర్చుని కొత్త గాజులు చూసుకుంటూ ఉంటే ఒక్కసారిగా తట్టింది. ఈ మనిషి ఒక్కొక్కటీ తీర్చేసుకుంటున్నాడు. ప్రయాణమయ్యేవాడు ఇంటికి తాళాలు వేసుకున్నట్టు, నేను అడిగినవి వరసగా మూసుకుంటూ వస్తున్నాడు. మోకాళ్ళ నొప్పులని సాకు చెప్పి కాశీ టిక్కెట్లు రద్దు చేయించాను. ఇక మిగిలింది మేడ మీద గది ఒక్కటే. దానికి కూడా సరే అంటారేమోనని హడలిపోయి, మేడ మెట్ల వైపే చూడకుండా తిరిగాను.

ఆపరేషన్ ఇంకో వారం ఉందనగా సోమవారం వెళ్ళేసరికి, ప్రయోగశాలలో ఆయా మా మొదటి గిన్నెని చెత్తబుట్టలో వేయబోతోంది.

"ఆగమ్మా! అది మా ఆయనది!" అని దాని చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను.

నిరుపమ పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, అది తోడుకోలేదని చెప్పాను కదా. చచ్చిపోయింది."

"చచ్చిపోయిందని నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదాంటీ. ఇన్ని వారాలుగా పెరగలేదు."

"పెరక్కపోతే చచ్చినట్టేనా? నేను పదిహేనో ఏట నుంచి అంగుళం పెరగలేదు. నన్నూ బుట్టలో వేస్తావా?"

నాకేదో తెలిసి అన్న మాట కాదది. రెండు గిన్నెల్లో నాకు నచ్చిన గిన్నె అది. నా మొగుడు బాగుండే గిన్నె. దాన్ని పారేస్తుంటే చూడలేక అన్నాను, అంతే. నిరుపమ నవ్వింది. నా ముచ్చట తీర్చడానికన్నట్టు ఒక చుక్క తీసి, ఏదో నీలం రంగు కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది.

ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఆ తరవాత ఇంకో చుక్క పెట్టింది. మళ్ళీ ఇంకోటి. ఆమె ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

"బతికే ఉన్నాయాంటీ," అంది చివరికి. "అన్నీ బతికే ఉన్నాయి. హాయిగా తింటున్నాయి, ఊపిరి తీస్తున్నాయి. ఊరికే... కూర్చున్నాయి."

"అయితే మంచిదే కదమ్మా?"

నిరుపమ గోడవారనున్న స్టూలు మీద కూలబడింది. తోడు అని పేరు పెట్టుకున్నందుకు వాళ్ళంతా పెరుగు లెక్కలోనే ఆలోచించారు. గట్టిపడితే తోడుకున్నట్టు, గట్టిపడకపోతే తోడుకోనట్టు. ఇన్నాళ్ళుగా కదలని గిన్నెలన్నీ తోడుకోలేదని పారబోశారు, పాకిన గిన్నెల్నే లెక్కలోకి తీసుకున్నారు. అది నిరుపమ చెబితే నాకు అర్థమైంది. 

ఖాదర్ గారికి అక్కడినుంచే ఫోన్ చేసి ఆపరేషన్ వాయిదా వేయించింది. మంచులో దాచిన మిగతా ముక్కని పది గిన్నెల్లో పెట్టింది. అదే రక్తం, అదే మందు, అదే చెయ్యి.

పది వారాలు నేను మనిషిని కాను. సోమవారం వచ్చిందంటే ఆ పది గిన్నెల ముందు నిలబడి ఒక్కొక్కదాన్నీ పలకరించేదాన్ని. ఇంట్లో ఉన్న మనిషి కాఫీ చల్లారిందన్నా వినిపించుకునేదాన్ని కాదు. గడువు తీరేసరికి తేలిందేమిటయ్యా అంటే, ఆరు గిన్నెల్లో ఉలుకూ లేదు పలుకూ లేదు. రెండిట్లో నత్తనడక. ఒకదాంట్లో ముక్క తనంతట తనే కరిగి మాయమైంది. ఒకటి మాత్రం రెండో ఏటనే గిన్నె అంతా పాకి, అంచులకి పోగులు చుట్టేసింది.

"ఇందులో మా ఆయన ఎవరమ్మా?" అనడిగాను.

"తెలీదాంటీ."

ఒక్క మొగుడితోనే వేగలేక చస్తుంటే పదిమందిని నా ముందు వరసగా నిలబెట్టారు. అందులో ఒకడు పోతాడట, తొమ్మిదిమంది ఉంటారట. నా మొగుడు పదిమంది కాదు కదా! పదో వంతు పోతాడా? నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బయట మెట్ల మీద నిరుపమ వచ్చి నా పక్కన కూర్చుంది. మెట్లకి అవతల సముద్రం. మా ఆయన దూరంగా ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు.

"ఈ పరీక్ష మొట్టమొదట చేసింది మా నాన్నగారికి," అంది. "ఆయనకీ ఇలాగే, దేనికోసమో తీసిన స్కానింగులో దొరికింది. రెండు గిన్నెలు పెట్టాను. ఒకటి తోడుకోలేదని నా చేత్తోనే పారబోశాను. రెండోది పాకింది. కిడ్నీ తీయించేశాం. మిగిలిన కిడ్నీ ఏడాది తిరక్కుండా మొరాయించింది. ఇప్పుడు రోజు విడిచి రోజు డయాలసిస్."

నేను ఆమెకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"మీకు పెట్టినప్పుడే, దాచి ఉంచిన ఆయన ముక్కని కూడా పది గిన్నెల్లో పెట్టానాంటీ. ఏడు కూర్చున్నాయి. మూడు పాకాయి. ఆ మూడిట్లో నాన్న ఉంటే నేను ఆయన్ని బతికించినట్టు. ఆ ఏడిట్లో ఉంటే..." అక్కడితో ఆపేసి అరచేత్తో మొహం తుడుచుకుంది. "తీసేశాక ఇంక తెలుసుకునే దారి లేదు. నేనేం చేశానో నాకు ఎప్పటికీ తెలీదు."

"ఆయనకి చెప్పావా?"

"నిన్న చెప్పాను."

"ఏమన్నారు?"

"అంతా విన్నారు. భోంచేశావా అని అడిగారు."

ఆ పిల్ల మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. తనని ఓదార్చాలో, నన్ను నేను ఓదార్చుకోవాలో నాకే తెలియలేదు.

ఆ సాయంత్రం వరండాలో మా ఆయన ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు. వెనక కొత్త రంగు వేసిన గోడ మెరుస్తోంది. నేను ఎదురుగా కుర్చీ లాక్కుని, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అడిగేశాను.

"మీరెందుకండీ నేనేదడిగితే దానికి సరే అంటున్నారు?"

ఆయన కాలితో నేలని తన్ని ఉయ్యాల ఊపారు. ఆయన ఉద్యోగమంతా పోర్టు సిగ్నల్ స్తంభం దగ్గరే గడిచింది. తుఫాను వస్తోందంటే ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేయడం ఆయన పని.

"ఎన్ని నంబర్లు ఎగరేశానో నీకు తెలుసు కదా," అన్నారు. "మూడో నంబరు పెట్టగానే పడవలన్నీ లోపలికొచ్చేసేవి. తీరా చూస్తే తుఫాను ఒరిస్సా పోయేది. జాలర్లు తిట్టేవాళ్ళు. తొంభయ్యారులో నేను కొత్తగా చేరాను. ఆ నవంబరు తుఫానూ ఎటో పోతుందిలే, చూద్దాం అనుకున్నాం అందరం. అది ఎటూ పోలేదు. వచ్చింది."

ఆ తుఫాను సంగతి ఆయన నోట నేను విన్నది అదే మొదలు.

"అప్పట్నుంచీ నాకు ఏదీ గట్టిగా చెప్పడం చేతకాదు ఝాన్సీ. వస్తుందని చెప్పలేను, రాదని చెప్పలేను. చూద్దాం అంటే నాకు తెలీదని అర్థం. నువ్వు బద్ధకం అనుకున్నావు."

"మరిప్పుడు సరే అంటున్నారే!"

"గిన్నె చూశాక తెలిసిపోయిందనుకున్నాను. తెలిసిపోయాక ఇంక చూడ్డానికేముంది?"

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "మరి ఇప్పుడు పది గిన్నెలయ్యాయి కదా. ఇప్పుడేమంటారు?"

"భయంగా ఉందంటాను," అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట కూడా అదే మొదలు. "కోయించుకోవాలన్నా భయమే, ఊరుకోవాలన్నా భయమే. నువ్వేమంటావు?"

నేనేమంటాను? ఇంతకాలం అన్నిటికీ నా దగ్గర జవాబుండేది. ఆ ఒక్కదానికే లేకపోయింది. లేచి వెళ్ళి ఆయన పక్కన ఉయ్యాల మీద కూర్చున్నాను. అది ఇద్దరి బరువుకీ కిర్రుమంది.

మర్నాడు, గిన్నె అంతా పాకింది పదిలో ఒక్కటే కదా అన్న ఆశతో, ఖాదర్ గారి దగ్గరికి వెళ్ళి ఆపరేషన్ వద్దని చెప్పాం. చెప్పింది నేనే, ఆయన పక్కన తలూపారు. "మొదట్లో ఆర్నెల్లన్నారు కదండీ. నేను అన్నాళ్ళు ఆగలేను," అన్నాను. ఖాదర్ గారు మూణ్ణెల్లకి రమ్మన్నారు. పెరిగినట్టు కనిపిస్తే అప్పుడు కత్తి తప్పదన్నారు. "ఇది ఊరికే కూర్చోవడం కాదమ్మా. కాపలా."

"ఇలా చెప్పి పంపించేసి మీరు నిద్రపోగలరా డాక్టరుగారూ?" అనడిగాను. వెటకారానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"ఒక్కోసారి పట్టదు," అన్నారాయన.

నిరుపమ ఇప్పుడు అందరికీ పది గిన్నెలు పెడుతోంది. కదలని గిన్నె మీద 'తోడుకోలేదు' అని రాయడం మాన్పించి, 'నిద్రపోతోంది' అని రాయిస్తోంది. పరీక్షకి వచ్చినవాళ్ళు వచ్చినప్పటికన్నా ఎక్కువ అయోమయంతో తిరిగి వెళ్తున్నారు. కొందరు తిడుతున్నారట కూడా. మా గిన్నెల్ని ఇంకా ముందుకి నడపమంటారా, ఆపేయమంటారా అని నన్నడిగింది. ఆపేయమన్నాను. పదిమందినీ చూసుకుంటూ ఇంట్లో ఉన్నవాణ్ణి నేను చూడ్డం లేదని అప్పటికి నాకు తెలిసొచ్చింది.

ఆ కాపలాలో మొదటి స్కానింగులో గడ్డ అలాగే ఉంది. రెండోదాంట్లో వెంట్రుకవాసి పెరిగినట్టు కనిపించింది. అది గడ్డ పెరగడమో, యంత్రం కొలవడంలో తేడానో చెప్పలేమన్నారు ఖాదర్ గారు.  ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాం.

గేటు తీసుకుని లోపలికి వస్తుంటే మేడ మెట్లు కనిపించాయి. రంగులవాళ్ళు వాటికి కూడా తెల్లరంగు వేసి వెళ్ళారు. అప్పుడు నాకేమైందో తెలియదు. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"ఏవండీ."

"ఊఁ."

"మేడ మీద ఒక గది వేసుకుంటే సముద్రపు గాలి తగులుతుందండీ."

 సరే అంటే నేను అక్కడే కూలిపోయేదాన్ని. ఆయన గేటు గడియ వేసి, చేతులు దులుపుకుని, మేడ వంక చూశారు. ఆ తరవాత ఇంకా పైకి, ఆకాశం వంక చూశారు. అక్కడ ఒక మబ్బు ముక్క ఉంది. అది ఎటు పోతుందో తెలియడం లేదు.

"చూద్దాం ఝాన్సీ," అన్నారు.

నేను గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయి కుళాయి తిప్పేశాను.

"ఏమైంది? ఏడుస్తున్నావా?" అని హాల్లోంచి కేకేశారు.

"ఏం లేదు," అన్నాను. "పాలు తోడుపెడుతున్నాను."